డ్రాగన్ గుహకి శుభలేఖలు

ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి మ్యాప్ పలకలు ఇంట్లోనే చేద్దామని కూర్చున్నా. ఈ ఆటలో అంగుళం గడి అంటే 5 అడుగుల నేల. 6 అంగుళాల పలక కోస్తే 30 అడుగుల గది. లెక్క తేలికే, దేంతో చెయ్యాలన్నదే తలనొప్పి.

ముందు థర్మాకోల్. చవక, పైగా పెన్సిల్‌తో నొక్కి గీస్తే అచ్చం రాతిగోడలా గాట్లు పడతాయి. మురిసిపోయి స్ప్రే పెయింట్ కొట్టా. అందులోని సాల్వెంట్‌కి నా కోట కళ్ళముందే కరిగి గుంటలు పడింది. ముందు ఎక్రిలిక్ రంగు దట్టంగా ఓ పూత వేసుంటే బతికేదేమో!

తర్వాత పార్సిల్ డబ్బా అట్ట. పైన ఫెవికాల్‌తో కాగితం అంటించా. తెల్లారేసరికి కాల్చిన అప్పడంలా వంకర్లు తిరిగింది. తడి ఒకవైపే తగిలితే అంతేనట. రెండోవైపూ కాగితం అంటించి, బరువు పెట్టి ఆరనివ్వాలి. బరువుకి రుబ్బురోలు పొత్రం తెచ్చా (అమ్మ నిద్రపోతున్నప్పుడు).

సన్‌బోర్డ్ బాగుంటుంది గానీ కొనాలి. అటక మీద పాత శుభలేఖల కట్ట ఉండగా కొనడమెందుకు? మందపాటి కార్డు, నున్నటి అంచు. మూడేసి కలిపి అంటిస్తే పలక గట్టిగా నిలబడింది. రంగు వేశాను గానీ మూలల్లో పసుపు మాత్రం చెరపబుద్ధి కాలేదు.

"పెళ్ళి కార్డుల మీద ఈ దెయ్యాలేంట్రా?" అంది అమ్మ.

అస్థిపంజరాలమ్మా, దెయ్యాలు పక్క గదిలో ఉన్నాయి.