అద్దానికీ మెమరీ లీక్!

స్మార్ట్ కిటికీల్లో టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. చిన్న వోల్టేజి ఇస్తే లిథియం అయాన్లు అందులోకి దూరి అద్దం నీలంగా మారుతుంది, ఎండ ఆగుతుంది. అవి బయటికొస్తే మళ్ళీ తేట. రోజూ ఇదే తంతు. పోనుపోనూ కొన్ని అయాన్లు లోపలే ఇరుక్కుపోతాయి, రంగు మారడం తగ్గిపోతుంది. అచ్చం మన మెమరీ లీకే!

కిటికీ అంటే ఫోను కాదు కదా, రెండేళ్ళకోసారి మార్చడానికి.

2015లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్ళు అలా చచ్చుబడిన పొరకి స్థిరమైన కరెంటు ఇచ్చి ఇరుక్కున్న అయాన్లని బయటికి లాగారు. పొర మళ్ళీ కొత్తదానిలా పనిచేసింది. ఇది ల్యాబ్‌లో పొర సంగతి, గోడకి బిగించిన కిటికీది కాదనుకోండి.

అయినా నాకు కాస్త సిగ్గేసింది. పాత కోడ్ నెమ్మదిస్తే "పారేసి కొత్తగా రాద్దాం" అనే మొదటి గొంతు నాదే. అందులో ఏం ఇరుక్కుందో ఎన్నిసార్లు చూశాను? మీరో?