సముద్రగర్భ విహారము - బీమా

మన పెద్దలు సముద్రమునకు నమస్కరించి, ఒడ్డున స్నానమాడి తిరిగి వచ్చెడివారు. నేటి పిల్లలు వీపున గాలి సిలిండరు కట్టుకొని దాని యడుగును చూచి వచ్చుచున్నారు. దీనినే స్కూబా డైవింగు అందురు. బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న మా అమ్మాయి నాలుగేండ్లుగా మురుడేశ్వర తీరమున కెదురుగా నున్న నేత్రాణి దీవివద్ద మునిగి వచ్చుచున్నది. ఈ యేడు మాల్దీవులకు పోవ నిశ్చయించినది. నేను వలదనలేదు, బీమా కాగితములు నాకు చూపి పొమ్మంటిని. వానిని తండ్రీకూతుండ్రము కలసి చదివి తెలిసికొన్న సంగతులు మన సంఘమునందలి కుటుంబములకు పనికివచ్చునని వ్రాయుచున్నాను.

మొదట అపాయమెట్టిదో తెలియవలెను. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు ఒత్తిడి అదనముగా చేరును. 30 మీటర్ల లోతున పీల్చు గాలికి నేలమీది గాలికంటె నాలుగు రెట్ల ఒత్తిడి యుండును. అందలి నత్రజని రక్తమునందు, కండరములందు కరగును. మెల్లగా పైకి వచ్చినచో అది ఊపిరితో వెడలిపోవును. త్వరపడినచో సోడాసీసా మూత తీసినట్లు బుడగలు కట్టి, కీళ్ళనొప్పి మొదలు పక్షవాతము వరకు తెచ్చిపెట్టును. నియమము తప్పనివారికి సైతము అప్పుడప్పుడిది కలుగుట కద్దు.

దీనికి చికిత్స, రోగిని ఒత్తిడి గదిలో నుంచి ప్రాణవాయువు నిచ్చుట. వాడుకలోనున్న పద్ధతిలో ఒక్కమారునకు దాదాపు ఐదు గంటలు పట్టును. కొందరికి మరల మరల చేయవలసి వచ్చును. ఇట్టి గదులు ప్రతి యూరను ఉండవు. విమానమున కొనిపోవలెనన్న తక్కువ ఎత్తున ఎగురవలెను, లేదా లోపలి ఒత్తిడిని నేలమట్టముతో సమముగా నుంచవలెను. ఏలయన ఎత్తు పెరిగినకొలది బుడగలును పెరుగును. కనుక మందుల ఖర్చుకంటె రోగిని గదికి చేర్చు ఖర్చే భారము కావచ్చును.

స్వదేశమున మన ఆరోగ్యబీమా దీనికి చాలునా? బీమా నియంత్రణ సంస్థ 2019లో మినహాయింపుల పదజాలమును అన్ని కంపెనీలకు ఒకే తీరున నిర్ణయించినది. 09 సంఖ్యగల మినహాయింపునందు స్కూబా డైవింగు పేరు స్పష్టముగా నున్నది. ఐతే అది వృత్తిగా పాల్గొనువారికి మాత్రమే వర్తించును. సరదాకు మునుగువారికి తగులదు. వ్యక్తిగత ప్రమాదబీమాలలో మాత్రము ఇట్టి భేదము చూపక సాహసక్రీడల నన్నింటిని తోసిపుచ్చునవి కలవు. ఒత్తిడి గదిలో ఐదు గంటలుండి ఇంటికి వచ్చినచో, 24 గంటలు ఆసుపత్రిలో నుండవలెనను షరతు అడ్డుపడునా యని ముందే అడుగవలెను.

ఈ 'వృత్తి' యను మాటవద్ద మా అమ్మాయి ఆగినది. ఆమెకు వచ్చే యేడు డైవింగు శిక్షకురాలు కావలెనని కోరిక. మా తాతగారు కోలారు బంగారు గనులకు పనికి వచ్చినవారు. జీతమునకై భూమి లోతునకు దిగినవారికి దెబ్బ తగిలినచో 1923 నాటి కార్మిక పరిహార చట్టము యజమానిపై బాధ్యత నుంచినది. సరదాకై కడలిలో దిగువారికి యజమాని లేడు. వారి పూచీ వారిదే. శిక్షకురాలైననాడు ఆమె పాత బీమా ఆ పనికి చెల్లదు. ఆనాడు జీతముతోపాటు తనకేమి బీమా చేసిరో యజమానిని అడుగవలెనని చెప్పితిని. "నాన్నా, ఆ ప్రశ్న నేను తలపనే లేదు" అన్నది.

విదేశమున ప్రయాణబీమా వేరు. కొన్నింట డైవింగునకు చోటే లేదు; కొన్నింట లోతునకు హద్దు కలదు. మొదటి స్థాయి ధ్రువపత్రము సాధారణముగా 18 మీటర్లకే; వినోద డైవింగునకు తుది హద్దు 40 మీటర్లు. అర్హతకు మించి దిగినచో కంపెనీ చెల్లింపు నిరాకరింపవచ్చును. డైవర్ల కొరకే 1980లో అమెరికాలో ఆరంభమైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి సంస్థల ద్వారా ప్రత్యేక బీమా లభించును. అందు సభ్యత్వముతోనే బీమా వచ్చునో, వేరుగా కొనవలెనో ప్రాంతమును బట్టి చూచుకొనవలెను. ఇట్టి డైవింగు బీమాను నమ్మి ప్రయాణబీమాను మానరాదు. జ్వరమునకు, పోయిన పెట్టెకు అది బదులు కాదు.

ఇంకొక సూక్ష్మము కలదు. ఈ వ్యాధి లక్షణములు కొన్ని గంటల పిదప, ఒక్కొక్కప్పుడు విమానయానములో బయటపడును. అందుకే పలు దినములు మునిగినవారు కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెనందురు. ఇల్లు చేరిన పిదప నొప్పి మొదలైనచో ప్రయాణబీమా గడువు అప్పటికే ముగిసియుండవచ్చును. కనుక స్వదేశపు బీమా విడువరాదు.

ఉబ్బసము, గుండెజబ్బు మున్నగు వానిని దరఖాస్తులో దాచరాదు. ఆరోగ్యబీమా పత్రము చేతికందిన 30 దినములలోపల నచ్చనిచో తిరిగి యిచ్చు హక్కు కలదు. ఆ దినములను చదువుటకు వినియోగింపవలెను. మా అమ్మాయి రెండు పత్రములు తీసికొని, అత్యవసరపు ఫోను నంబరును సంచిపై వ్రాసి, నకలును వాళ్ళమ్మ కిచ్చినది. అర్ధరాత్రి ఫోను ఎత్తువారెవరు, దీవికి పడవ పంపువారెవరు, ఒత్తిడి గదికి హామీ యిచ్చువారెవరు - ఈ మూడింటికి వ్రాతమూలముగా జవాబు వచ్చిన పిదపనే ప్రీమియము ఎంతయని చూడవలెను.