చిన్నాన్న పికప్ తొట్టికి మేమే వేసుకున్న పూత

కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మన ఊళ్లల్లో పికప్ ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే విషయం.

మా ఊరు పాడేరు నుంచి ఇంకా లోపలికి వెళ్లాలి. నేను హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా, కెమిస్ట్రీ గ్రూపు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. మా చిన్నాన్నకి ఒక పాత బొలెరో పికప్ ఉంది. సెకండ్ హ్యాండ్‌ది, ఫైనాన్స్ మీద తీసుకున్నాడు, నెలనెలా కిస్తీ ఉంటుంది. సంతకి పసుపు, చింతపండు, పైనాపిల్ తీసుకెళ్తాడు. వచ్చేటప్పుడు సిమెంటు, యూరియా, ఉప్పు బస్తాలు, ఎండు చేపల గంపలు ఎక్కించుకొస్తాడు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్నది చట్టం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ మా ఊరికి బస్సు లేదు. ఎవరికైనా సీరియస్ అయితే తారు రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణించి చాలాసార్లు ఆ తొట్టే దిక్కు.

ఫిబ్రవరిలో మా మేనత్త సంత నుంచి వచ్చి తొట్టి దిగుతుంటే, తుప్పు పట్టి చిరిగిన రేకు అంచు పాదంలో దిగింది. కుట్లు పడ్డాయి, టీటీ ఇంజక్షన్ చేశారు. ఇరవై రోజులు కొండకి వెళ్లలేకపోయింది. అంటే ఇరవై రోజుల కూలి పోయింది. అప్పుడు చిన్నాన్న గట్టిగా అనుకున్నాడు, ఈ వానలకి ముందే తొట్టి బాగు చెయ్యాలని. విశాఖలో మిషన్‌తో లైనర్ పూత చల్లేవాళ్ల దగ్గర అడిగితే, చెప్పిన రేటు రెండు కిస్తీల కంటే ఎక్కువ. అందుకని వేసవి సెలవుల్లో మేమే చేసుకుందామని దిగాం.

చిన్నాన్న పెయింట్ షాపు నుంచి రెండు డబ్బాలు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. "ఒరే, నువ్వు సదువుకున్నోడివి కదా, దీని మీద ఏటి రాసుందో సదివి సెప్పు" అన్నాడు. అంతా ఇంగ్లీషు, చీమ తలకాయలంత అక్షరాలు. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని రెండు గంటలు కూర్చుని చదివాను. కంపెనీవాళ్లు ఆ పెయింట్‌కి ఇచ్చే డేటా షీటు కూడా నెట్‌లో దొరికింది, అదీ చదివాను.

తుప్పు గురించి మేం కాలేజీలో ఐదు మార్కుల ప్రశ్నకి చదువుకున్నాం. ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే ఇంకా వేగం, ఎందుకంటే ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. ఎండు చేపల గంప నుంచి కారేది ఉప్పునీరే. యూరియా బస్తా చిరిగి ఒలికిందంటే అది గాలిలో తేమని లాక్కుని రేకుని తడిగా ఉంచుతుంది. చిన్నాన్న తొట్టి పాడవకూడదని పాత ఫ్లెక్సీ పరిచేవాడు. మన దగ్గర అందరూ అదే చేస్తారు. ఫ్లెక్సీ పైనుంచి రాపిడిని ఆపుతుంది కానీ, కిందకి చేరిన నీటిని ఆరనివ్వదు. దాన్ని ఎత్తి చూస్తే తుప్పంతా దాని కిందే ఉంది.

ఇంకో సంగతి. ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే తుప్పు మీద ఎంత మంచి రంగు వేసినా, కింద తుప్పు ఉబ్బి రంగుని పెచ్చులుగా లేపేస్తుంది. కాబట్టి అసలు పని డబ్బా మూత తియ్యక ముందే ఉంది. మాకు నాలుగు రోజులు పడితే, రంగు వేసింది ఒకటిన్నర రోజే.

ముందు సర్ఫు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాం. తర్వాత థిన్నర్ గుడ్డతో ఆయిల్, గ్రీజు మరకలన్నీ తుడిచాం. ఇది గీకడానికి ముందే చెయ్యాలి. లేకపోతే గీకేటప్పుడు ఆ జిడ్డు రేకంతా పాకుతుంది. తుప్పు రాకుండా తొట్టికి కాలిన ఇంజనాయిల్ పూసే అలవాటు చాలామందికి ఉంది. అలాంటి బండి అయితే ఈ తుడుపు రెండు మూడు సార్లు చెయ్యాలి, జిడ్డు మీద ఏ పూతా పట్టదు.

తర్వాత వెల్డరు గ్రైండరు అద్దెకిచ్చాడు. దానికి వైర్ బ్రష్ బిగించి తుప్పంతా లేపాం. మూలల్లో చేత్తో, 80 నంబరు ఎమరీ పేపరుతో రుద్దాం. కంటికి అద్దాలు లేకుండా ఈ పని ఎవరూ చెయ్యొద్దు. తీగ ముక్కలు ఊడి ఎగురుతాయి. ఏ చోట ఎక్కువ పట్టించుకోవాలో నాకు తెలీదు, చిన్నాన్నకి తెలుసు. చక్రాల మీద వంపు, రేకు రేకుకి అతుకు, వెనక డాలా దగ్గరి కీళ్లు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో పదేళ్లు బండి తోలినవాడికి వేలితో చూపించగలిగేంత తెలుసు. కన్నాలు పడ్డ చోట రేకు ముక్కలు వేసి వెల్డింగ్ చేయించాం. నీళ్లు పోయే కన్నాల్లో మాత్రం చిన్న పుల్లలు గుచ్చి ఉంచాం, పూతతో మూసుకుపోకుండా.

ఇప్పుడు ప్రైమర్. ఊళ్లో ఏ ఇనప గేటుకైనా రెడ్ ఆక్సైడ్ వేస్తారు. చిన్నాన్న కూడా అదే అనుకున్నాడు. కానీ మేం పైన వేసేది రెండు డబ్బాల పాలీయురేథేన్. దాని థిన్నర్ ఘాటుది. మామూలు రెడ్ ఆక్సైడ్ మీద వేస్తే కింది పొరని మెత్తబరిచి ముడతలు తెప్పించగలదు. అందుకే ఎపాక్సీ ప్రైమర్ తీసుకున్నాం. ఎపాక్సీ రేకుని గట్టిగా పట్టుకుంటుంది కానీ ఎండకి పైపైన సుద్దలాగా రాలుతుంది. అందుకే అది కింద, ఎండకి ఆగే పాలీయురేథేన్ పైన.

ఎంత కొనాలో లెక్క వేశాను. తొట్టి పొడవు దాదాపు 2.5 మీటర్లు, వెడల్పు 1.7. అడుగు, పక్కలు కలిపితే 8 చదరపు మీటర్ల లోపే. లీటరుకి ఎంత మేర వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. ఆ లెక్కన షాపు వాళ్లు చెప్పినదాని కంటే ఒక లీటరు తక్కువ సరిపోయింది. వెల్డరు కూలి, రేకు ముక్కలు, రోలర్లు, మాస్కులు అన్నీ కలిపి 8,000 లోపే అయింది.

రెండు డబ్బాల రంగులో ఒకటి బేస్, ఒకటి హార్డెనర్. డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే పూత పెళుసవుతుంది. కలిపాక కొద్దిసేపే వాడుకోగలం, ఎండలో ఆ టైము ఇంకా తగ్గుతుంది. అందుకే అర లీటరు చొప్పున కలుపుకున్నాం. పాలీయురేథేన్ హార్డెనర్‌కి తేమ పడదు. నీటితో కలిస్తే గ్యాస్ పుట్టి పూతలో బుడగలు వస్తాయి. మన దగ్గర వేసవిలో కూడా పొద్దున్న మంచు, సాయంత్రం గాలివాన. కాబట్టి రేకు బాగా ఆరాక, మరీ కాలక ముందు, ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా మాత్రమే వేశాం. పైన టార్పాలిన్ కట్టాం.

రెండో కోటు తడిగా ఉన్నప్పుడే అడుగు భాగంలో రబ్బరు పొడి జల్లించి చల్లాం. టైర్లు రీట్రెడింగ్ చేసే షాపులో గీకిన పొడి ఊరికే ఇచ్చారు. బస్తాలు జారవు, తడి కాళ్లతో ఎక్కినా జారదు. అది మా అత్త కోసం అనుకోండి.

మాస్కు గురించి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చెడ్డవి, ఆస్తమా తెప్పించగలవు. గుడ్డ మాస్కు ఆవిర్లని ఆపదు. కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొన్నాం, బయట గాలిలో రోలరుతోనే వేశాం, స్ప్రే జోలికి పోలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కలకి కూడా రావద్దు.

అసలు గొడవ రంగు అయ్యాక వచ్చింది. మర్నాటికి చేత్తో ముట్టుకుంటే పూత గట్టిగా ఉంది. కానీ పూర్తిగా గట్టిపడటానికి 7 రోజులని షీటులో రాసుంది. చిన్నాన్నకి కోపమొచ్చింది. "ఆరిపోయింది కదరా! వారం బండి ఆపితే కిస్తీ ఎవడు కడతాడు?" ఆయన అన్నది అబద్ధం కాదు. చింతపండు రోజులు, రెండు సంతలు పోతాయి. నేను ఆ షీటు తెలుగులో చదివి వినిపించాను. పైకి ఆరినా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుందని, ఇప్పుడు సిమెంటు బస్తా లాగితే పూత లేచిపోయి 8,000 నీళ్లపాలవుతుందని చెప్పాను. ఆయన మాట్లాడకుండా బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. రాత్రి పక్క ఊరి బావకి ఫోన్ చేశాడు. ఆ రెండు సంతలూ బావ తన బండి వేశాడు, బాడుగలో సగం మాకిచ్చాడు. నాట్ల టైములో చిన్నాన్న బావకి తిరిగి తోలిపెట్టాడు. మనలో మనకి ఉన్న ఈ బదులు పని లేకపోతే ఆ ఏడు రోజులు ఆగేవి కాదు.

ఒక వానాకాలం గడిచింది. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు గీతలన్నీ చూశాను. డాలా అంచు దగ్గర, గునపం పడ్డ చోట, అరచేతి అంత పూత లేచింది. ఆ చుట్టూ గోటితో గీకి చూస్తే మిగతాది కదల్లేదు, తుప్పు కిందకి పాకలేదు. అంత మేర రుద్ది, మిగిలిన ప్రైమర్, పైన రంగు వేశాం. ఏటా వానలకి ముందు ఇలా చూసుకుంటే చాలు. ఉప్పు, చేపలు, యూరియా దింపిన రోజే రెండు బకెట్ల నీళ్లు కొట్టాలి. తోక పల్లానికి పెట్టి బండి నిలపాలి, నీళ్లు వాటంతటవే పోతాయి. ఇది నేను చెప్పింది కాదు, చిన్నాన్నది.

ఇప్పుడు మా ఊళ్లో పురుగుమందు డబ్బా కొన్నా, మోటారు కొన్నా, దాని కాగితం నాకు వాట్సాప్‌లో ఫోటో తీసి పంపుతున్నారు. హాస్టల్ గదిలో రాత్రి కూర్చుని చదివి, మాటల్లో రికార్డు చేసి పంపుతున్నా. మీ ఇళ్లల్లో కూడా అలాంటి కాగితాలు చూరులో దోపి ఉంటాయి. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు తీసి పెద్దవాళ్లకి చదివి వినిపించండి. మీ దగ్గర ఎవరైనా పికప్ తొట్టికి, ట్రాలీకి ఇంకో రకంగా పూత వేసుంటే, ఎన్ని వానలు ఆగిందో రాయండి. మా బావ బండికి వచ్చే వేసవిలో వెయ్యాలి.