బండి ఎక్కడ ఆపాలి?

పిల్లలూ! హైదరాబాదులో నారాయణగూడ చౌరస్తా నుంచి ఉత్తరంగా నడిస్తే చిక్కడపల్లి వస్తుంది. ఇంకా ముందుకు పోయి, ఆర్‌టీసీ చౌరస్తాలో ఎడమచేతి వైపు తిరిగితే అశోక్‌నగర్. నడిచేవాడికి ఈ దారిలో పెద్ద చిక్కేమీ లేదు. బండి మీద వచ్చేవాడికి మాత్రం అసలు కష్టం దిగిన తరువాతనే మొదలవుతుంది. జాగా చిక్కదు కనుకనే అది చిక్కడపల్లి అయిందని మా ఇంట్లో ఒక హాస్యం. ఊరికి ఆ పేరు అందుకు రాలేదు లెండి!

ఇక్కడికి ఇంతమంది ఎందుకు వస్తారంటారా? 1966లో స్థాపించిన త్యాగరాయ గానసభలో సాయంకాలం అయితే కచేరీయో, నాటకమో ఉంటుంది. దగ్గరలోనే నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్ నిండా పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు. ఆర్‌టీసీ చౌరస్తాలో సినిమాహాళ్ళు. 2020 ఫిబ్రవరి 7న ఈ దారిలో మెట్రో రైలు మొదలయింది. రైలు పైన పోతుంది, దాని స్తంభాలు మాత్రం రోడ్డు నడుమ నిలబడి ఉన్నాయి.

ఇక బోర్డుల సంగతి. నీలం రంగు గుండ్రని పలక, చుట్టూ ఎర్రని అంచు, ఏటవాలుగా ఒకే ఒక ఎర్ర గీత ఉంటే అక్కడ బండి నిలిపి వెళ్ళకూడదు. మనిషిని దింపి వెంటనే కదలవచ్చు. గుణకారపు గుర్తులాగా రెండు గీతలు ఉంటే దింపటానికి కూడా ఆగరాదు. చాలామంది పెద్దవాళ్ళకే ఈ తేడా తెలియదు. మీ ఇంట్లో అడిగి చూడండి! కింద బాణం గుర్తు ఉంటే, ఆ నిషేధం ఏ వైపుకు వర్తిస్తుందో అది చెబుతుంది.

అక్షరాలు రానివాడికీ, పరభాష వాడికీ తెలియాలని ఇలా బొమ్మలు పెట్టారు. 1968లో వియన్నా నగరంలో అనేక దేశాలవాళ్ళు కూడి ఈ గుర్తుల మీద ఒక ఒప్పందం చేసుకున్నారు. 1980లో మన దేశం కూడా అందులో చేరింది. స్పెయిన్ దేశపు సముద్రతీరాన ఉన్న ఊళ్ళలోనూ ఇదే నీలం పలక కనిపిస్తుంది. కాని అక్కడ కొన్ని పలకల మీద ఒక నిలువు గీత ఉంటుంది. అంటే బేసి తేదీలలో ఆ పక్క నిలపరాదు. రెండు గీతలుంటే సరి తేదీలలో నిలపరాదు. కొన్నిటి మీద 1-15 అని ఉంటుంది. అక్కడ నెలలో మొదటి పదిహేను రోజులూ నిషేధమే. అంటే ఆ ఊళ్ళో బండి దిగేవాడు ముందు క్యాలెండరు చూసుకోవాలి!

బోర్డు లేనిచోట ఎక్కడైనా పెట్టవచ్చునా? అదే నేను చేసిన పొరపాటు. మన దేశపు రోడ్డు నిబంధనలలో నిషిద్ధ స్థలాల జాబితా ఉన్నది. కాలిబాట, మలుపు, బస్‌స్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి వాకిళ్ళు, ఆపిన బండికి పక్కన మరో బండి, ఇవన్నీ అందులో ఉన్నాయి. మంటలార్పేవాళ్ళు నీళ్ళు పట్టుకునే గొట్టానికి అడ్డం పెట్టకూడదు. ఎవరి ఇంటి గేటుకూ అడ్డం పెట్టకూడదు. నిషిద్ధ స్థలంలో ఉన్న బండిని పోలీసులు తరలించవచ్చునని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతుంది. దాని ఖర్చు బండివాడిదే.

ఒకనాటి సాయంకాలం కచేరీకి ఆలస్యమయి, పక్క సందులో ఒక పాత గేటు ముందు స్కూటరు పెట్టి, హ్యాండిలుకు తాళం వేసి పరుగెత్తాను. గేటుకు తుప్పు పట్టి ఉన్నది, దాన్ని ఎవరూ తెరవరనుకున్నాను. తిరిగి వచ్చేసరికి స్కూటరు ఎదుటి గోడ పక్కన ఉన్నది. ఆ ఇంటి ముసలమ్మగారికి ఊపిరాడక ఆటో పిలిచారట. అది లోపలికి రావటానికి వీలు లేక, నలుగురు కలిసి తాళం వేసిన స్కూటరును ఎత్తి పక్కకు పెట్టారట. పది నిమిషాలు పట్టిందని ఎదురింటాయన చెప్పాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమెకు నయమై ఇంటికి వచ్చారని తెలిసి, నాలుగు బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను. ఆ స్కూటరు నాదేనని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, “కచేరీ బాగా జరిగిందా, నాయనా?” అని అడిగింది.