శ్రుతికి తాళం

కొండపల్లిలో కర్ర చేతికి రాగానే ముందు బరువు చూస్తారు. తెల్లపొణికి బెండులా తేలిగ్గా ఉంటుంది. ఉలి పెడితే మెత్తగా తెగుతుంది. అంబారీ ఏనుగైనా, దశావతారాలైనా, తాడెక్కే గీత కార్మికుడైనా అందులోంచి పుట్టాల్సిందే. అలా బొమ్మలు చెక్కే ఓ ఇంట్లోకి ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది. చిన్నకొడుకు ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. కూడబెట్టిన డబ్బంతా పోసి బెజవాడలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. తండ్రి ఎత్తి చూసి, "రోలులా ఉందేంట్రా! ఇది కూడు పెడుతుందా?" అన్నాడు.

కుర్రాడు మోజుపడింది దాని బ్రిడ్జి చూసి. వీణలో తీగలు ఆనేదాన్ని గుర్రం అంటామే, అలాంటిదే ఇది. కాకపోతే కదులుతుంది. పక్కనున్న కడ్డీ నొక్కితే తీగలు వదులై స్వరం కిందికి జారుతుంది. ఎత్తితే పైకి పోతుంది. దీన్ని ట్రెమొలో అంటారు. నిజానికి స్వరాన్ని ఊపడం వైబ్రాటో. ట్రెమొలో అంటే ధ్వని పెరిగి తగ్గడం. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారు తెచ్చిన ఫెండర్ కంపెనీ ఈ తప్పు పేరే పెట్టింది. అదే స్థిరపడిపోయింది.

అయితే కడ్డీని గట్టిగా నొక్కి వదిలితే తీగ మళ్లీ ఉన్నచోటికి రాదు. పైన నట్టు గాడిలో పట్టేస్తుంది, బిరడ చుట్టలో సర్దుకుంటుంది. శ్రుతి తప్పుతుంది. నగల పని తెలిసిన ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ 1970ల చివర్లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. తీగను పైన నట్టు దగ్గర, కింద బ్రిడ్జి దగ్గర మరలతో బిగించేశాడు. తాళం వేసినట్టే! 1979లో పేటెంటు వచ్చింది. ఎడ్డీ వాన్ హాలెన్ చేతిలో పడ్డాక రాక్ వాద్యకారులంతా దాని వెంట పడ్డారు.

మరి పైన తాళం వేశాక బిరడ తిప్పి ఏం లాభం? అందుకే తర్వాత బ్రిడ్జి మీదే చిన్న చిన్న మరలు పెట్టారు. మనకిది మరీ కొత్తేం కాదు. నూజివీడులో చేసే వీణల్నే చూడండి. కుండ వైపు తీగల చివర లంగర్లుంటాయి. అక్కడి రింగుల్ని కాస్త జరిపి సన్నటి తేడాలు సరిచేస్తారు.

ఇక లాభాల సంగతి. ఎంత ఊపినా శ్రుతి నిలుస్తుంది. వదిలిన తీగ స్వరం కంటే కిందికి జారే వింత ధ్వని వీణలో కూడా దొరకదు. కుర్రాడికి మొదటి నెలంతా పండగే.

అసలు కథ దసరా పందిట్లో తెలిసింది. పాట మధ్యలో ఒక తీగ తెగింది. మామూలు గిటారైతే మిగిలిన 5 తీగలతో నెట్టుకురావచ్చు. ఇక్కడ బ్రిడ్జి తక్కెడలా తేలుతుంటుంది. ఒక పక్క 6 తీగలు కలిసి 40 కిలోల దాకా లాగుతుంటే, వెనక స్ప్రింగులు అంతే బలంతో ఇంకో పక్కకి లాగుతాయి. ఒక తీగ పోతే తక్కెడ ఒరిగింది. మిగతావన్నీ అపశ్రుతే. కొత్త తీగ వేద్దామంటే చివరి గుండు కత్తిరించాలి, ప్రత్యేకమైన కీతో బిగించాలి, మళ్లీ అన్నీ సరిచేయాలి. జనం ఆగుతారా? గాయకుడు అర స్వరం దించమన్నా ఇదే తంటా.

ఇంకో చిక్కు మన సంగీతానిది. గమకం పలకాలంటే తీగను పక్కకి లాగాలి. ఆ లాగుడుకి బ్రిడ్జి ముందుకు వంగి మిగతా తీగలు దిగిపోతాయి. లాగిన తీగ కూడా చేరాల్సిన స్వరానికి సులువుగా చేరదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) జంట తీగల మాండలిన్‌ని వదిలి, 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం పలికించారు. పాటకు తగ్గట్టు వాద్యాన్ని మార్చుకున్నారు.

మన కుర్రాడికీ అదే దారి దొరికింది. గిటారు వెనక మూత తీసి, "నాన్నా, ఈ సందులో బిగుతుగా కూర్చునే చెక్క కావాలి" అన్నాడు. తండ్రి లోపలికి తొంగిచూశాడు. "పొణికి పనికిరాదురా, నలిగిపోద్ది" అని టేకు ముక్క తీసుకున్నాడు. రెండుసార్లు చిత్రికపట్టి సరిగ్గా దించాడు. స్ప్రింగులు మరికాస్త బిగించారు. బ్రిడ్జి ఇప్పుడు ఆ చెక్కకి ఆనుకుంది. కడ్డీ కిందికే నొక్కాలి, పైకి ఎత్తలేం. పోయిందల్లా అదే. తీగ తెగినా మిగతావి చెదరవు. గమకం లాగితే పక్క తీగలు దిగవు. ఆ రాత్రి తండ్రి గిటారును రోలనలేదు. చెక్క కదిలిందేమోనని రెండుసార్లు తట్టి చూశాడు.

పిల్లలు గిటారు అడిగితే ధర ఒక్కటే చూడకండి. ఏం పాట వాయిస్తారో అడగండి. రాక్ సంగీతంలో కడ్డీతో విన్యాసాలు చేయాలంటే తాళం బ్రిడ్జికి సాటి లేదు. సినిమా పాటలు, గమకాలు, పూటకో శ్రుతి అయితే కదలని బ్రిడ్జే హాయి. ఇప్పటికే కొనేసి ఉంటే? ఒక టేకు ముక్క, చెయ్యి తిరిగిన మనిషి చాలు!