గాలి అమ్ముకున్న ఊరు

మా అబ్బాయి ఉద్యోగం పోలండు రాజధాని వార్సాలో. కాపురం మాత్రం అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరాన, ఒత్‌ఫోత్స్క్ అనే ఊళ్ళో. ఆ పేరు నా నోట తిరగడానికి పదిహేను రోజులు పట్టింది. "ఇంత దూరం ఎందుకురా?" అంటే, "అద్దె తక్కువ నాన్నా, పైగా గాలి మంచిది" అన్నాడు. ఆ ఊరు పుట్టిందే ఆ మాట మీద!

1877లో రైలు పడేదాకా ఇక్కడున్నవి ఇసుకా, పైన్ చెట్లూ, శ్వీదెర్ అనే చిన్న ఏరూను. శ్వీదెర్ అంటే బరమా అట. అన్ని మెలికలు తిరుగుతుంది. రైలు వచ్చిన కొద్ది ఏళ్ళకు ఆంద్రియోల్లి అనే చిత్రకారుడు ఏటి ఒడ్డున భూమి కొని, చెక్క ఇళ్ళు కట్టించి, వేసవికి అద్దెకివ్వసాగాడు. ఆయన సామాన్యుడు కాడు. 1863 తిరుగుబాటులో చేరి రష్యాలో ప్రవాస శిక్ష అనుభవించినవాడు. పోలిష్ వారి జాతీయ కావ్యం 'పాన్ తదేఉష్'కు బొమ్మలు వేసినవాడు. బొమ్మలు వేసే చెయ్యి ఊరుకుంటుందా? చూరులకూ వసారాలకూ పట్టుచీర అంచులాగా చెక్క నగిషీలు పెట్టించాడు. అది చూసి ఊరంతా అలాగే కట్టుకున్నారు. గల్చిన్‌స్కీ అనే కవి, బీడర్‌మయర్ అనే జర్మన్ శైలికి ఏటి పేరు తగిలించి, వీటిని 'శ్వీదెర్‌మయెర్' అని వెక్కిరించాడు. వెక్కిరింత పోయి పేరు నిలిచింది.

1893లో గైస్లర్ అనే డాక్టరు ఇక్కడ క్షయరోగులకు శానిటోరియం పెట్టాడు. క్షయ అంటే కొండలకు పొమ్మనే రోజులవి. పల్లపు నేలైనా పైన్ గాలి చాలునన్నాడాయన. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మా మేనత్త ఎనిమిది నెలలుండి బతికి వచ్చింది. పాలు, గుడ్లు, వసారాలో పడక, గాలి, ఇంతే వైద్యమని చెప్పేది. అందుకే ఇక్కడి పొడుగాటి వసారాలు నా కంటికి అలంకారంగా కనబడలేదు.

ఆ గాలికోసమే వార్సా యూదులూ వచ్చారు. డాక్టర్లు, దర్జీలు, రొట్టెలవాళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళవాళ్ళు, ఊరి జనంలో పెద్ద భాగం వాళ్ళే. యూదు పిల్లలెందరినో కాపాడిన ఇరెనా సెండ్లర్ చిన్నతనం గడిచిందిక్కడే; బీదలకు వైద్యం చేసిన ఆమె తండ్రి 1917లో టైఫస్‌తో పోయాడు. 1942 ఆగస్టు 19న జర్మన్లు సుమారు 8,000 మంది యూదులను పెట్టెల్లో కుక్కి ట్రెబ్లింకాకు పంపించారు. రైలు తెచ్చిన జనాన్ని రైలే పట్టుకుపోయింది. పెరెహోద్నిక్ అనే యువకుడు ఆ ఊరి యూదు పోలీసుల్లో ఒకడు. పోలీసుల కుటుంబాలను వదిలేస్తామన్న మాట నమ్మి, భార్యనూ రెండేళ్ళ కూతురినీ తానే మైదానానికి తీసుకువచ్చాడు. వాళ్ళనూ ఎక్కించారు. అతడు రాసి పెట్టిన కథ అతడు పోయాక చాలాకాలానికి అచ్చయింది. నేను ఒక్క రాత్రిలో చదివాను. మర్నాడు అన్నం సహించలేదు.

యుద్ధం తరువాత ఆ ఇళ్ళలో గదికొక కుటుంబం చేరింది. అందరిదీ అయిన కప్పు ఎవరు బాగుచేస్తారు? కొన్ని కుళ్ళాయి, కొన్ని కాలిపోయాయి. గురేవిచ్ అనే ఆయన కట్టించిన పెద్ద పూటకూళ్ళ భవనాన్ని మాత్రం చక్కగా బాగుచేశారు.

ఇప్పుడు మావాడికి అటువంటి ఇల్లొకటి కొనాలని ఉంది. కోడలికి వసారా నచ్చింది. "కాగితాలు శుభ్రంగా ఉన్నాయి నాన్నా" అంటాడు. కాదని నేననను. పాడుపడే ఇంటికి దీపం పెట్టేవాడు దొరికితే మంచిదే. అయినా పక్కింటి ముసలావిడను, "ఎవరు కట్టారమ్మా దీన్ని?" అని వాడిచేత అడిగించాను. ఆవిడ చేతి సంచీ కింద పెట్టి, "ఇన్నాళ్ళకు అడిగింది మీరొక్కరే" అంది. పేరు ఆవిడకూ తెలియదు.

ఊరి శివార్న పైన్ అడవిలో యూదుల శ్మశానం ఉంది. ఆదివారం తండ్రీకొడుకులం వెళ్ళాం. రాళ్ళు కొన్ని పడిపోయి ఉన్నాయి. హీబ్రూ అక్షరాలు మాకు రావు. మావాడు రాతిమీది ఆకులు చేత్తో తుడిచి ఫొటో తీసుకున్నాడు, ఎవరిచేతనైనా చదివిస్తానని.