అచ్చిన, వచ్చాను

ఫ్రాన్స్ పోతున్నానని, అక్కడ బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పాలని అన్నప్పుడు మా అవ్వ మొదట అడిగిన మాట, "తెల్లోళ్లకు ఇంగ్లీషు రాదా?" అని. అందరికీ రాదన్నాను. కాసేపు ఆలోచించి, "మరి దగ్గర్ల ఇంగ్లీషోళ్లే దొరుకలేదా, బెల్లంపల్లి నుంచి పిలుస్తున్నరు?" అంది. ఆ తర్వాత ఏడు నెలలు అదే ప్రశ్నను ఫ్రెంచిలో, ఇంకొంచెం మర్యాదగా వింటూ వచ్చాను.

ఫ్రాన్స్ ప్రభుత్వ బడులు ఏటా కొన్ని వేల మంది విదేశీ యువతీయువకులను భాషా సహాయకులుగా తీసుకుంటాయి. మన దేశం నుంచి కూడా కొద్దిమంది వెళ్తారు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, వారానికి 12 గంటల పని. అసిస్టెంటు వ్యాకరణం చెప్పదు, మార్కులు వేయదు. టీచరు పక్కన నిలబడో, పది మంది పిల్లలను వేరే గదిలోకి తీసుకుపోయో వాళ్ల చేత మాట్లాడించాలి, అంతే. ఒకరకంగా ప్రాణమున్న టేప్‌రికార్డర్. 2017లో నేను వెళ్లేనాటికి హైదరాబాదులో నా పరిశోధన సగంలో ఉంది. సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్న ఫ్రెంచి, రెండు స్వెట్టర్లు, అవ్వ కట్టిచ్చిన సకినాలతో దిగాను. నన్ను వేసింది ఉత్తరాన, బెల్జియం సరిహద్దు వైపు, లాన్స్ పట్టణం దగ్గర ఒక చిన్న ఊళ్లో.

మొదటి నెలంతా కాగితాలే. బ్యాంకు ఖాతా తెరవాలంటే అద్దె ఇంటి రుజువు కావాలి, ఇల్లు అద్దెకు కావాలంటే బ్యాంకు ఖాతా నంబరు కావాలి. ఈ రెండింటి మధ్య మూడు వారాలు తిరిగాను. చివరికి బడి ఆవరణలోనే సిబ్బంది గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. చేతికొచ్చే జీతం 800 యూరోల లోపు. రూపాయల్లో చెప్తే అవ్వకు చాలా పెద్ద మొత్తం. ఒక క్యాలీఫ్లవర్ ధర కూడా రూపాయల్లో చెప్పాక ఆమె నా జీతం సంగతి ఎత్తలేదు. ఆదివారం చాలా దుకాణాలు తెరవరు. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి. పొద్దున ఎనిమిదికి క్లాసుకు పోయేటప్పుడూ చీకటే. మొదటి షిఫ్టుకు బాపు ఇంట్లోంచి కదిలే వేళ గుర్తొచ్చేది.

గుర్తు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. రైల్లోంచి మొదటిసారి లాన్స్ చూసినప్పుడు నల్లటి గుట్టలు రెండు కనబడ్డాయి, కుప్ప పోసిన ధాన్యంలాగా నున్నగా, కొసదేలి. నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. గనిలోంచి తీసిన రాయీ మట్టీ తెచ్చి పోసిన గుట్టలని చూడగానే తెలిసింది. లోస్ ఆన్ గోయెల్‌లోని ఆ జంట గుట్టలు ఐరోపాలోనే ఎత్తయినవని చెప్పుకుంటారు. ఆ ప్రాంతమంతా బొగ్గుదే. చివరి గని 1990లో మూతపడింది. 2012లో ఆ బొగ్గు నేలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది పాత గని స్థలంలోనే పారిస్ లూవ్ర్ మ్యూజియానికి ఒక శాఖ తెరిచారు. మ్యూజియం బాగానే ఉంది కానీ, అందులో కన్నా చుట్టుపక్కల ఇటుక ఇళ్ల వరుసల మధ్య ఎక్కువ తిరిగాను. అన్నీ ఒకే తీరు గోడలు, ఒకే తీరు తలుపులు. కంపెనీ క్వార్టర్లు ఏ దేశంలోనైనా దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

బడిలో ఒక టీచరు తన తల్లి ఇంటికి కాఫీకి తీసుకుపోయింది. ఎనభై దాటిన గని కార్మికుడి భార్య, భర్త పోయి చాలా ఏళ్లయింది. చికోరీ కలిపిన కాఫీ పెద్ద గిన్నెలో పోసిచ్చింది. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీనే, ఆ ఊళ్లలో అదంటే ప్రాణం. ఈ ఇల్లు నేను చచ్చేదాకా నాదే, అద్దె లేదు అని చెప్పింది. 1946లో వచ్చిన గని కార్మికుల చట్టం ప్రకారం కార్మికుడికీ, అతని తర్వాత వితంతువుకూ ఇల్లు, ఇంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు ఉచితం. నేను బెల్లంపల్లి చెప్పాను. బాపు రిటైరైన తర్వాత క్వార్టరు ఖాళీ చేసిన రోజు అవ్వ తను పెట్టిన మామిడిచెట్టును, తను వేయించుకున్న రేకుల వంటగదిని వదిలి ఆటోలో కూర్చున్న సంగతి. ముప్పై ఏళ్లు ఊడ్చి అలికిన ఇంటి కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. ముసలామె వింటూ రెండోసారి కాఫీ పోసింది. ఆ హక్కు అందరికీ ఒకేలా దక్కలేదని నాకు తర్వాత తెలిసింది. 1960, 70లలో మొరాకో నుంచి వేల మందిని కాంట్రాక్టు మీద తెచ్చి ఈ గనుల్లోకి దింపారు. మిగతా కార్మికులకున్న సదుపాయాల కోసం వాళ్లు గనులు మూతపడ్డాక కూడా కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

వాళ్ల మనవలూ మనవరాళ్లూ నా క్లాసులో ఉండేవాళ్లు.

ఇంగ్లీషు అసిస్టెంటు అనగానే పిల్లలు లండన్ నుంచో న్యూయార్క్ నుంచో ఎవరో వస్తారనుకున్నారు. నన్ను చూసి ఒకబ్బాయి, మేడమ్, మీది నిజమైన ఇంగ్లీషేనా అని అడిగాడు. టీచరు సిగ్గుపడి వాడిని కసిరింది గానీ, స్టాఫ్‌రూములో ఆమే నా 'ట' పలికే తీరు గురించి నవ్వుతూ ఆరా తీసింది. ఆ నవ్వు నాకు తెలుసు. దానికి జవాబుగా నేను చేసింది మాత్రం మంచి పని కాదు. వాళ్లకంటే కచ్చితంగా ఉండాలనుకున్నాను. రాత్రిళ్లు బీబీసీ విని మర్నాడు అలా పలికేదాన్ని. పిల్లల నోట్లో ఒక్క తప్పు కూడా పోనిచ్చేదాన్ని కాదు.

ఫ్రెంచి వాళ్లకు 'హ' పలకదు. మాట మొదట్లోని 'హ'ను మింగేస్తారు. హౌస్ అనేది ఔస్ అవుతుంది. హంగ్రీ, యాంగ్రీ రెండూ వాళ్ల నోట్లో దాదాపు ఒకటే అయిపోతాయి. నవంబరులో ఒకరోజు పదహారేళ్ల అమ్మాయి, తాత మొరాకో నుంచి గనిలోకి వచ్చినవాడు, తన ఉదయం గురించి చెప్తోంది. ఆకలిగా ఉందనబోయి కోపంగా ఉందంది. ఆపాను. మళ్లీ అనమన్నాను. మళ్లీ అదే. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని గాలి తగిలేలా 'హ' అనమన్నాను. మూడోసారి ఆమె గట్టిగా ఊదింది, వెనక బెంచీ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. ఆ తర్వాత క్రిస్మస్ సెలవుల దాకా ఆ పిల్ల నా గంటలో నోరు తెరవలేదు. పిలిస్తే తల అడ్డంగా ఊపేది.

మా ఊళ్లో మాట మొదట్లోని 'వ' ఉండదు. వచ్చిన అనం, అచ్చిన అంటాం. వాన కాదు, ఆన. నేను హైదరాబాదులో ఎమ్మేలో చేరిన కొత్తలో సెమినార్లో తెలుగులో మాట్లాడుతూ 'ఆ కథల నాయిక ఇంటికి తిరిగి అచ్చినంక' అన్నాను. పెద్దగా ఏమీ జరగలేదు. ఎవరూ తిట్టలేదు. ఒక సారు నా మాటను నెమ్మదిగా తిరిగి పలికాడు, "అచ్చినంక" అని, ముద్దుగా. అందరూ హాయిగా నవ్వారు. ఆ రాత్రి హాస్టల్ అద్దం ముందు వచ్చాను, వచ్చింది, వచ్చారు అని పలికి చూసుకున్నాను. ఆరు నెలల్లో నా మాట మారింది. తెలంగాణ యాస సినిమాల్లో రౌడీలకూ హాస్యగాళ్లకూ ఎందుకిస్తారని వ్యాసాలు రాసేవాళ్ల మధ్య కూర్చుని, నేను వాళ్ల భాషలోనే వాళ్లతో ఏకీభవించేదాన్ని. సెలవులకు ఇంటికి పోతే అవ్వ, "నీతోని మాట్లాడుతుంటే ఆఫీసుల మాట్లాడినట్టుంటది బిడ్డా" అనేది. మగపిల్లలు హైదరాబాదులో చదివి కూడా యాస మార్చుకోకపోతే అది పౌరుషం. నా మాటకు ఆ వెసులుబాటు లేదనిపించింది. ఆడపిల్ల యాసలో మాట్లాడితే మొరటు అంటారు, మార్చుకుంటే నీలుగుడు అంటారు.

లాన్స్ వైపు వాళ్లదీ ఇదే గొడవ. వాళ్ల మాటను ష్తీ అంటారు. 'స' ఉండాల్సిన చోట 'ష' పలుకుతారని పారిస్ వాళ్లకు నవ్వు. 2008లో దానీ బూన్ తీసిన సినిమా ఈ యాస మీదే నడుస్తుంది. ఫ్రాన్సులో రెండు కోట్ల మందికి పైగా చూశారు. బూన్ అక్కడివాడే కాబట్టి ఆ సినిమాను ప్రేమతో తీశాడంటారు, నిజమే కావచ్చు. చికోరీ కాఫీ ఇచ్చిన ముసలామెకు మాత్రం ఆ సినిమా నచ్చలేదు. ఎందుకని అడిగితే, అందరూ వచ్చి ఇప్పుడు ఒక ముక్క మాట్లాడి చూపించు అంటున్నారు అంది.

జనవరిలో టీచరు నన్ను ఇండియా గురించి ఒక గంట మాట్లాడమంది. తాజ్‌మహల్, పెళ్లి, హోలీ అని ముందే బోర్డు మీద రాసి పెట్టింది. నేను చెల్లె ఫోన్లో పంపిన ఫోటోలు చూపించాను. బెల్లంపల్లి రైలు స్టేషను, క్వార్టర్ల వరుస, ఓపెన్‌కాస్టు నుంచి తీసి పోసిన మట్టి గుట్టలు, డ్యూటీ దిగి వస్తున్న మనుషులు. మొదట నిశ్శబ్దం. తర్వాత, నిజమైన ఇంగ్లీషేనా అని అడిగిన అబ్బాయే, ఇది మా ఊరు మేడమ్ అన్నాడు. అక్కడికి ఏడు కిలోమీటర్ల లోపల 1906 మార్చి 10న కూరియేర్ గనుల్లో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. అది అక్కడి ప్రతి పిల్లకూ తెలుసు. నేను 2003 జూన్‌లో గోదావరిఖనిలో గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయిన రోజు చెప్పాను. మా వీధిలో ఆ రాత్రి ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు.

మీ అమ్మ కూడా గనిలో పనిచేసిందా అని ఎవరో అడిగారు. చట్టం ఒప్పుకోదన్నాను. మన 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో, అంటే నేను తిరిగొచ్చాక, షరతులతో ఆ తలుపు తెరిచారు. ఫ్రాన్సులో 1874లోనే నిషేధించారు. ఎమిల్ జోలా 1885లో రాసిన జెర్మినాల్ నవలలో కాత్రీన్ అనే అమ్మాయి లోపల బొగ్గు బండ్లు తోస్తుంది, చివరికి భర్తనూ పిల్లలనూ పోగొట్టుకున్న ఆమె తల్లి కూడా గనిలోకి దిగుతుంది. హైదరాబాదు లైబ్రరీలో అది చదివినప్పుడు నాకు కలిగింది జాలి ఒక్కటే కాదు. మేం ముగ్గురం ఆడపిల్లలం. బాపు దగ్గు ఎక్కువైన ఏడాది ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ, "కొడుకున్నా అయిపోవు, నౌకరి నిలవడేది" అనేవాళ్లు. నిషేధం మమ్మల్ని కాపాడిందో, మా ముందు తలుపు మూసిందో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు తండ్రుల ఉద్యోగాల్లో కూతుళ్లూ చేరుతున్నారు. మా వాడకట్టులో ఒకమ్మాయి చేరింది. పని ఎట్లుందని అడిగితే, బాత్రూములు దూరం అక్కా అంది.

గనిలోకి దిగకపోయినా అవ్వ మూడు షిఫ్టులూ చేసింది. బాపు ఏ వేళ ఇంటికొస్తే ఆ వేళ అన్నం. ఆయన పగలు పడుకుంటే మమ్మల్ని నోరెత్తకుండా చూసే పని. డ్యూటీ బట్టలు వేరే బకెట్లో నానేసేది. మొదటి నీళ్లు నలుపు, రెండో నీళ్లు బూడిద రంగు, మూడో నీళ్లు చెట్టుకు పోసేది. ఇదంతా క్లాసుకు ఇంగ్లీషులో చెప్పాను, మధ్యలో ఫ్రెంచి కలుపుకుంటూ.

అప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తింది. తన నానమ్మ కూడా అలాగే ఉతికేదని, తాత ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి పోయాడని చెప్పింది. ఇంగ్లీషులోనే, ఒక్కో మాట వెతుక్కుంటూ. ఆ రోజుల్లో నానమ్మ ఎప్పుడూ అదే అంది. ఏది? ఆకలా, కోపమా? ఆమె నోట్లో రెండూ ఒకటే. క్లాసు నా వైపు చూసింది, నేను ఆపుతానని. టీచరు కూడా చూసింది. నేను ఆపలేదు. ఆమె ఏమన్నదో నాకు ఈ రోజుకీ తెలియదు. తర్వాత కారిడార్లో అడిగి ఉండవచ్చు, అడగలేదు. ఏప్రిల్ వరకు ఆమె అప్పుడప్పుడూ మాట్లాడింది. మిగతా పిల్లల్లాగే తప్పులతో. నవంబరు సంగతికి నేను క్షమించమని అడగలేదు. పదహారేళ్ల పిల్లను పిలిచి క్షమించమంటే ఆమెకు ఇంకా ఇబ్బందిగా ఉంటుందనుకున్నాను. అది నాకు అనుకూలమైన ఆలోచన అని కూడా తెలుసు.

ఆ గదిలో ఒంటరిగా ఉన్నన్ని రోజులూ ఒక కొత్త అలవాటైంది. పప్పు మాడినా, తాళంచెవి మర్చిపోయినా పైకే మాట్లాడుకునేదాన్ని, బెల్లంపల్లి మాటలో. దిద్దేవాళ్లు పదివేల మైళ్లలో లేరు కదా. "గీ సలికి సచ్చిపోత" అని గోడకు చెప్పేదాన్ని. ఒకరోజు ఫోన్లో అవ్వతో కూడా అలాగే అనేశాను. ఆమె కాసేపు ఆగి, "అచ్చినవా?" అంది. ఇంకా రెండు నెలలుంది అవ్వా అన్నాను. ఆమె అడిగింది తేదీ అనుకున్నాను అప్పుడు.

ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తున్నాను. పోయిన ఏడాది వాల్యుయేషన్‌లో వరుసగా మూడు పేపర్లలో ఒకే తప్పు వచ్చింది. ఒకే ఊరి పిల్లలో, ఒకే ట్యూషనో. మూడింట్లోనూ 'హంగర్' రాయాల్సిన చోట 'యాంగర్' అని ఉంది. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్క సీటు మేడమ్, ఏమైందని అడిగింది. కీలో ఉన్నట్టే తలా అర మార్కు తీసేసి కట్ట కట్టి ఇచ్చేశాను.